ఎనిమిదింపావు బండిలో సోమవారాలు

మా బండిలో చాలాకాలం దాకా మాకు ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. ఎవరు ఏ స్టేషన్లో ఎక్కితే అదే వాళ్ళ పేరు. చందానగర్ అక్క, హఫీజ్‌పేట ఆపా, బోరబండ పిల్ల, భరత్‌నగర్ ఆంటీ. నేను లింగంపల్లి. ఇంట్లో కూడా అలాగే చెప్పేదాన్ని. "ఇవాళ హఫీజ్‌పేట రాలేదండీ, వాళ్ళ చిన్నోడికి జ్వరమట" అంటే మావారు మర్నాడు సాయంత్రం చెప్పులు విప్పుతూనే "హఫీజ్‌పేట వాళ్ళబ్బాయికి తగ్గిందా?" అని అడిగేవారు. ఆయన వాళ్ళలో ఎవరినీ చూడలేదు. అయినా వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరుగుతోందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేను ఎంఎంటీఎస్, అంటే హైదరాబాద్ లోకల్ రైలు, ఎక్కడం మొదలుపెట్టింది 2005లో. ఆ బండ్లు వచ్చి అప్పటికి రెండేళ్ళే. మాది తెనాలి దగ్గర పల్లె, పెళ్ళయ్యాక లింగంపల్లి వచ్చాం, ఉద్యోగమేమో సికింద్రాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాయడం. అంతకుముందు బస్సుల్లో వెళ్ళేదాన్ని. అమీర్‌పేటలో దిగి, ఇంకోటి పట్టుకుని, దారి పొడుగునా నిలబడి, ఇంటికి వచ్చేసరికి వంటింట్లోకి అడుగు పెట్టే ఓపిక ఉండేది కాదు. బండిలో అయితే ముప్పావుగంట, మహా అయితే యాభై నిమిషాలు. నెలకోసారి కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి సీజన్ టికెట్ చేయించుకుంటే ఇక నెలంతా టికెట్ టెన్షన్ లేదు. లింగంపల్లిలో బండి ఖాళీగా బయల్దేరుతుంది కాబట్టి మిగతావాళ్ళకి సీట్లు పట్టడం నా పని. లేడీస్ బోగీలో ఎదురెదురు సీట్ల మీద ఒక పక్క హ్యాండ్‌బ్యాగు, ఇంకో పక్క లంచ్ బ్యాగు, మూడో చోట చున్నీ పరిచేసి కూర్చునేదాన్ని. మొదట్లో దానికి గొడవలు అయ్యాయి, తర్వాత రోజూ వచ్చేవాళ్ళందరికీ ఆ మూల మాదని అలవాటైపోయింది.

మంగళవారం నుంచి శనివారం దాకా మామూలు మాటలే. కూరేం చేశావు, ఆ చీర ఎక్కడ కొన్నావు, ఎర్రగడ్డ రైతుబజార్‌లో టమాటా ఎంతుంది. చందానగర్ అక్క చిక్కుడుకాయలు కవర్లో తెచ్చుకుని ఒళ్ళో పేపరు పరుచుకుని ఈనెలు తీస్తుంటే మేమూ తలా గుప్పెడు తీసుకుని ఒలిచేవాళ్ళం. సోమవారం మాత్రం అలా కాదు. ఆదివారమంతా ఇంట్లో ఉండి వచ్చాం కదా, ఇంట్లో ఉంటే ఎన్ని జరుగుతాయి! ఆడపడుచు వచ్చి ఉంటుంది, అన్నాల దగ్గర ఏదో మాట దొర్లి ఉంటుంది, పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు పరుపు కింద దొరికి ఉంటుంది, ఇంటి ఓనరు వచ్చి వచ్చే నెల నుంచి అద్దె పెంచుతానని చెప్పి వెళ్ళి ఉంటాడు, చెల్లెలికి పెళ్ళిచూపులు అయ్యి వాళ్ళు ఏ సంగతీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయి ఉంటారు. ఇవన్నీ కడుపులో పెట్టుకుని సోమవారం పొద్దున్నే నాలుగింటికి లేచి, వంట చేసి, డబ్బాలు కట్టి, పిల్లల్ని తయారుచేసి, పరుగెత్తుకుంటూ వచ్చి బండెక్కితే, సీట్లో కూలబడగానే చందానగర్ అక్క అనేది, "ఇగ చెప్పు చెల్లె ముచ్చట్లు" అని. మా వైపు కబుర్లంటాం. ముచ్చట్లు అనే మాట నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, ఇప్పుడు నా నోటికి కబుర్లు రావడం లేదు.

ఒక విషయం నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. మేం ఐదుగురం ఒక్కసారే ఎక్కం కదా. నా తర్వాత చందానగర్‌లో ఒకరు, హఫీజ్‌పేటలో ఒకరు, హైటెక్ సిటీ దాటాక బోరబండలో ఒకరు, చివరికి భరత్‌నగర్‌లో ఆంటీ. ఒకళ్ళు ఎక్కి కూర్చోగానే "ఏమైంది, ఏమైంది" అంటారు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఒకే బాధ ముప్పావుగంటలో నాలుగుసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది. నాలుగోసారి చెప్పేటప్పటికి అది మొదటిసారి ఉన్నంత పెద్దదిగా ఉండేది కాదు.

చందానగర్ అక్క వాళ్ళబ్బాయి సంగతి చెప్తాను. వాడు ఇంటర్ ఫస్టియర్ లెక్కల పేపర్ తప్పాడు. 75కి 26 వస్తే పాస్, వాడికి 19. ఆ మెమో ఇంట్లో చూపించకుండా దాచాడు, ఆదివారం ఏదో వెతుకుతుంటే వాళ్ళ నాన్న కంటపడింది, కొట్టారు. వాడు అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయి రాత్రి పదకొండింటికి వచ్చాడు. సోమవారం చందానగర్‌లో అక్క ఎక్కడమే కళ్ళు ఎర్రగా ఎక్కింది. నా చెయ్యి పట్టుకుని హఫీజ్‌పేట దాకా ఏడ్చింది, సగం మాటలు నాకు అర్థం కూడా కాలేదు. ఆపా ఎక్కింది. ఆవిడ జేమ్స్ స్ట్రీట్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. "ఏడుపు తర్వాత అక్కా, ముందు ఎన్ని మార్కులొచ్చాయో చెప్పు" అంది. ఇంకో ఏడు మార్కులొస్తే సరిపోయేది కదా, ఏ చాప్టర్లు చదివాడు, ఏవి వదిలేశాడు అని అడుగుతూ పోయింది. అక్క ఏడుపు ఆపి లెక్కలోకి వచ్చింది. బోరబండలో ఎక్కిన పిల్ల విని, "అయ్యో ఆంటీ, నేనూ లెక్కలు పోగొట్టుకున్నాను, సప్లిమెంటరీలో గట్టెక్కాను, ఏం కాలేదుగా నాకు" అంది. భరత్‌నగర్‌లో ఆంటీ ఎక్కి "ఏంది, అట్లున్నవ్?" అని అడిగితే అక్క ముక్కు తుడుచుకుని, "ఏం లేదు, మావోడు లెక్కలల్ల తప్పిండు. సప్లిమెంటరీ రాస్తడు, ఏమైతది" అంది. లింగంపల్లి పక్క స్టేషన్లో కొంప మునిగినంత విషయం భరత్‌నగర్‌కి వచ్చేసరికి "ఏమైతది" అయిపోయింది! ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వాడితో మామూలుగా మాట్లాడానని, వాడు వెక్కి వెక్కి ఏడ్చాడని మంగళవారం చెప్పింది. వాడు సప్లిమెంటరీ రాశాడు, పాసయ్యాడు, తర్వాత ఇంజనీరింగ్ కూడా చేశాడు.

నా వంతూ వచ్చింది. మా పాపకి మూడేళ్ళు నిండినా మాటలు రాలేదు. అమ్మ, అత్త లాంటి రెండు మూడు శబ్దాలు తప్ప ఏమీ లేవు. మా అత్తగారు "మా వంశంలో అందరూ ఆలస్యంగానే మాట్లాడారు" అనేవారు, మావారు "వస్తాయిలే" అనేవారు, నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఉద్యోగానికి రావడం వల్లే ఇలా అయిందేమో, పిల్లతో మాట్లాడేవాళ్ళు లేకే ఇలా అయిందేమో అని ఒకటే కుమిలిపోయేదాన్ని. ఆ మాట మా అమ్మతో కూడా అనలేదు, బండిలో అన్నాను. ఆపా వెంటనే "పాప వెనకాల నిలబడి చప్పట్లు కొట్టి చూశావా? తిరుగుతుందా?" అంది. ముందు చెవులు చూపించు, మాటల సంగతి తర్వాత అంది. చూపిస్తే రెండు చెవుల్లోనూ లోపల నీరు చేరిందని, అందుకే సరిగ్గా వినబడటం లేదని తేలింది. దానికి వైద్యం, ఆ తర్వాత ఆరు నెలలు స్పీచ్ థెరపీ. వారానికి రెండురోజులు పాపని కూడా బండిలోనే సికింద్రాబాద్ తీసుకెళ్ళేదాన్ని, ఐదుగురి ఒళ్ళోనూ మారేది. ఒక ఆదివారం మధ్యాహ్నం అది గ్లాసు పట్టుకుని వచ్చి "నీళ్ళు" అంది. సోమవారం బండిలో ఆ మాట చెప్పినప్పుడు మా మూలే కాదు, బోగీలో సగం మంది చప్పట్లు కొట్టారు. పిన్నీసులు, క్లిప్పులు అమ్మే అమ్మాయి కూడా ఆగిపోయి పాపకని ఒక ఎర్ర క్లిప్పు ఇచ్చింది, డబ్బులు వద్దంది. నాలుగుసార్లు చెప్పినా ఆ వార్త మాత్రం చిన్నది కాలేదు. బాధ తగ్గుతుంది, సంతోషం తగ్గదు, ఎందుకో మరి.

బోరబండ పిల్ల గురించి చెప్పకపోతే ఎలా. వాళ్ళ నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చిన మేస్త్రి. ఈ పిల్ల ఇంటర్ అయ్యాక సికింద్రాబాద్‌లో చీరల షాపులో చేరింది. పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం, కూర్చుంటే తిడతారు, అందుకని బండిలో ఆమె కూర్చోవాలని మేం పట్టుబట్టేవాళ్ళం, చిన్నదాన్ని అని లేవబోయినా లేవనిచ్చేవాళ్ళం కాదు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టింది. ఆదివారాలు క్లాసులు ఉండేవి, షాపువాళ్ళు ఆదివారం సెలవివ్వరు, అక్కడికి ఇక్కడికి నచ్చజెప్పుకుంటూ, ఇంగ్లీషు పాఠాలు ఆపా దగ్గర బండిలోనే చెప్పించుకుంటూ ఒక్కో పేపరూ గట్టెక్కింది. ఒక్క ఇంగ్లీషే మూడుసార్లు రాసింది. పాసైన రోజు అందరికీ కలాకండ్ తెచ్చింది. వాళ్ళింట్లో డిగ్రీ అయిన మొదటి మనిషి ఆమె.

ఆ రోజుల్లో బేగంపేటలోనే ఎయిర్‌పోర్టు. ఫతేనగర్ దగ్గరికొచ్చేసరికి విమానం నెత్తిమీద నుంచే పోయినట్టుండేది, ఎంత ముఖ్యమైన ముచ్చటైనా ఆ మోత పోయేదాకా ఆగాల్సిందే. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు శంషాబాద్ వెళ్ళిపోయాక కొన్నాళ్ళు అలవాటుగా ఫతేనగర్ రాగానే మాటలు ఆపేసి పైకి చూసేవాళ్ళం.

మరిచిపోలేని సోమవారం ఇంకొకటుంది. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలాయి. 40 మందికి పైగా చనిపోయారు. ఆదివారమంతా అందరం టీవీల ముందే. సోమవారం బండిలో జనం తక్కువ, ఉన్నవాళ్ళు కూడా పక్కనున్న బ్యాగులకేసి చూస్తూ కూర్చున్నారు. హఫీజ్‌పేటలో ఆపా ఎక్కింది, బురఖాలో. రోజూ నేరుగా మా మూలకి వచ్చే మనిషి ఆ రోజు తలుపు దగ్గరే కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఒకరిద్దరు ఆవిడ చేతిలో సంచి వైపు చూడటం నేనూ చూశాను. నాకేం చేయాలో తోచలేదు. చందానగర్ అక్క లేచి వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "నీ సీటు గీడ ఖాళీగుంటే ఆడెందుకు నిలబడ్డవ్, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. బోగీ అంతటికీ వినబడేలా అంది. ఆపా ఆ రోజు సికింద్రాబాద్ వైపు వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, అక్క చేతిలోంచి చెయ్యి మాత్రం తీయలేదు. నేను అక్కని పెద్దక్కగా అనుకోవడం అప్పటి నుంచే.

ఇక భరత్‌నగర్ ఆంటీ.

ఆవిడ అందరికంటే చివర ఎక్కుతుంది, అందరికంటే ముందు బేగంపేటలో దిగుతుంది. మధ్యలో ఫతేనగర్, నేచర్ క్యూర్, అంతే. పది నిమిషాలు కూడా ఉండదు. బేగంపేటలో ఆడపిల్లల హాస్టల్లో వంట మనిషి. పాలమూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. వయసులో మా అందరికంటే పెద్దది, పల్చగా, ఎప్పుడూ నూనె పెట్టి దువ్వుకున్న జుట్టుతో ఉండేది. మేం చెప్పేవన్నీ వినేది, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వేది, మా పాప ఒళ్ళో ఉంటే కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి పెట్టేది. "ఆదివారం ఏం చేశారాంటీ" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, "ఏముంటదమ్మా, ఎప్పటిదే." మేం సరే అనుకునేవాళ్ళం. ఆవిడకి ఆదివారం సెలవే ఉండదని, ఆదివారమే హాస్టల్లో చికెన్ వండాలని, అరవై మందికి పొద్దున్నే మసాలా నూరాలని మాకు ఐదేళ్ళకి గానీ తెలియలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

2010లో ఒక సోమవారం ఆవిడ ఎక్కలేదు. మంగళవారం లేదు, బుధవారం లేదు. ఫోన్ చేద్దామంటే మా నలుగురి ఫోన్లలోనూ ఆవిడ నంబరు లేదు. ఆవిడ అసలు పేరేంటో ఎవరికీ తెలియదు. ఐదేళ్ళు రోజూ చూసిన మనిషి! గురువారం సాయంత్రం బోరబండ పిల్ల ఇంటికెళ్ళే దారిలో భరత్‌నగర్‌లో దిగిపోయి, స్టేషన్ మెట్ల దగ్గర పూలమ్మే ఆవిడని, కూరగాయల మార్కెట్ దగ్గర కిరాణా కొట్టతన్ని అడుగుతూ ఇల్లు కనుక్కుంది. ఇంటికి తాళం. పక్కింటివాళ్ళు చెప్పారట, ఆంటీ వాళ్ళాయన్ని ఆస్పత్రిలో వేశారని, కిడ్నీలు పాడై పదకొండు నెలలుగా డయాలసిస్ మీద ఉన్నాడని. పదకొండు నెలలు. ఆ పదకొండు నెలలూ ఆవిడ రోజూ మాతోనే బండిలో ఉంది, "ఎప్పటిదే" అంటూనే ఉంది.

తర్వాతి సోమవారం ఆవిడ ఎక్కింది. ఆ రోజు మేం నలుగురం ఎవరి ఆదివారం గురించీ మాట్లాడుకోలేదు, భరత్‌నగర్ ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాం. ఎక్కగానే చందానగర్ అక్క "మాకెందుకు చెప్పలే?" అంది. ఆంటీ ఏదో నవ్వబోయింది, కాలేదు. చెప్పడం మొదలుపెట్టింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, పొద్దున ఆయన్ని దింపి హాస్టల్‌కి వెళ్ళి టిఫిన్లు, వంట చేసి మళ్ళీ వెళ్ళి తీసుకురావడం, ఒక్కోసారికి అయ్యే ఖర్చు, ఉన్న రెండు తులాలూ అమ్మేయడం. మాట మధ్యలో ఉండగానే బేగంపేట వచ్చేసింది. ఆవిడ సంచి తీసుకుని, "సరే అమ్మా, రేపు చెప్తా" అని లేచింది.

చందానగర్ అక్క కూడా లేచింది. ఆ వెనకే ఆపా, ఆ వెనకే నేను, బోరబండ పిల్ల. ఎవరం ఎవరితోనూ అనుకోలేదు. నలుగురం బేగంపేటలో దిగిపోయాం. ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద ఆంటీని మధ్యలో కూర్చోబెట్టాం. ఆవిడ "మీకు లేటైతది బిడ్డా, పోండి" అంటూనే ఉంది, అంటూనే చెప్తోంది. మా కళ్ళముందు రెండు బండ్లు వచ్చి వెళ్ళిపోయాయి. మొత్తం అప్పుడు విన్నాం. తెల్లకార్డు ఉంది గానీ అందులో ఆయన పేరు ఒకలా, ఆస్పత్రి కాగితాల్లో ఇంకోలా ఉంది, అందుకని ఆరోగ్యశ్రీలో చేర్చుకోవడం లేదు, ఎక్కడికి పోయి అడగాలో ఆవిడకి తెలియదు, అడిగినచోటల్లా రేపు రమ్మంటున్నారు. ప్రతిసారీ డబ్బు కట్టే చేయిస్తోంది. చందానగర్ అక్క గవర్నమెంట్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. కాగితాల సంగతి ఆవిడకి తెలుసు. "రేపు నేను సెలవు పెడత. నువ్వు కార్డు, ఆధారాలన్ని పట్టుకొని రా" అంది. ఒకసారి కాదు, నాలుగుసార్లు తిరిగారు ఇద్దరూ. నెల తిరక్కుండా కార్డులో పేరు సరిచేయించారు, డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద మొదలైంది. ఆ సోమవారం ఆంటీ ఎక్కడం ఎక్కడమే "అయిపోయిందమ్మా, పైసల్ లేకుండ అయిపోయింది" అంటూ ఎక్కింది. ఆవిడ మాకు తెచ్చిన మొదటి వార్త అది.

అప్పుడే చీటీ కూడా మొదలైంది. బోగీలో రోజూ వచ్చే మరో ఐదుగురిని కలుపుకుని పదిమంది, నెలకు వెయ్యి. పాట లేదు, తరుగు లేదు, ఎవరికి అవసరమైతే వాళ్ళు ముందు తీసుకోవడం. లెక్క రాసేదాన్ని నేనే కాబట్టి చెప్తున్నాను, ఏడేళ్ళలో ఒక్కరు కూడా ఒక్క నెల ఎగ్గొట్టలేదు. మొదటి పదివేలు ఎవరికని ఎవరూ అడగలేదు కూడా, బేగంపేట ప్లాట్‌ఫాం మీదే ఆంటీ చేతిలో పెట్టాం.

ఆ తర్వాత మా పద్ధతి మారిపోయింది. ఎవరి ముచ్చట్లైనా భరత్‌నగర్ లోపల అయిపోవాలి. భరత్‌నగర్ నుంచి బేగంపేట దాకా ఆంటీవి. చెప్పడానికేమీ లేకపోతే ఊరికే కూర్చునేవాళ్ళం, అంతేగానీ ఆ పది నిమిషాల్లో ఇంకెవరూ తమ సంగతి ఎత్తేవాళ్ళు కాదు. కొన్నాళ్ళకి ఆవిడ బాగా మాట్లాడటం నేర్చుకుంది. హాస్టల్ పిల్లల సంగతులు, ఏ పిల్ల ఎవరితో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుతోంది, ఏ పిల్లకి ఇంటిమీద బెంగ, ఎవరు అన్నం వదిలేస్తున్నారు, అన్నీ. ఎంత బాగా చెప్పేదో! ఇన్నేళ్ళు ఇవన్నీ ఎక్కడ దాచుకుందా అనిపించేది.

2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకలజనుల సమ్మె. చందానగర్ అక్క 42 రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు, రైల్ రోకో రోజుల్లో అసలు బండ్లే లేవు. అక్కది మెదక్ జిల్లా, నాది తెనాలి. అంతకుముందు రెండేళ్ళుగా ఊరంతా అదే మాట, మా ఆఫీసులోనే ఇద్దరు కొట్టుకునేదాకా వెళ్ళారు. మేమిద్దరం ఆ విషయం అసలు మాట్లాడుకోలేదని చెప్పను, మాట్లాడుకున్నాం, ఒకట్రెండుసార్లు గట్టిగానే అనుకున్నాం, ఆపా మధ్యలోకి వచ్చి ఆపాల్సి వచ్చింది. అక్క చెప్పినవి కొన్ని నాకు అంతకుముందు తెలియనివి, వాళ్ళ తమ్ముడికి ఉద్యోగం రాకపోవడం, బోర్లు ఎండిపోయి పొలం బీడు పడటం. విన్నాక నేను వాదించడం మానేశాను. సమ్మెలో జీతం చేతికి రాలేదని తెలిసి ఆ నెల చీటీ అక్కకే ఇచ్చాం, ఇంటికి వెళ్ళి నేనే ఇచ్చి వచ్చాను. వాళ్ళింట్లో మొదటిసారి అన్నం తిన్నది ఆ రోజే. తెలంగాణ వచ్చిన రోజు, 2014 జూన్ 2 కూడా సోమవారమే వచ్చింది. సెలవు కాబట్టి మంగళవారం కలిశాం, అక్క స్వీట్ బాక్స్ తెచ్చి మొదటి ముక్క నా నోట్లోనే పెట్టి, "మీ ఊరికి పోతవా ఏంది చెల్లె?" అంది. నవ్వుతూనే అడిగింది గానీ కళ్ళల్లో భయం ఉంది. "ఎక్కడికి పోతానక్కా, పిల్లలు ఇక్కడే పుట్టారు, నా సీటు ఇక్కడే ఉంది" అన్నాను.

ఆంటీ వాళ్ళాయన 2013లోనే పోయారు. డయాలసిస్ మీద నాలుగేళ్ళు బతికారు. పెద్దకర్మకి మేం నలుగురం వెళ్ళాం. ఒకటే గది, ముందు రేకుల వసారా. గోడ మీద దేవుడి పటాల పక్కన మా పాప స్కూల్ ఫోటో అంటించి ఉంది. నేనెప్పుడో బండిలో చూపిస్తే అడిగి తీసుకున్న ఫోటో. అక్కడ నిలబడి నేను ఏడ్చినంత మా వాళ్ళు పోయినప్పుడు కూడా ఏడవలేదు.

తర్వాత ఒక్కొక్కరుగా తగ్గిపోయాం. అక్క 2016లో రిటైరయ్యింది. చివరి రోజు బండిలో ఆవిడకి శాలువా కప్పాం, చందానగర్‌లో రోజూ ఎక్కే వేరే అమ్మాయి వెనక నుంచి "ఇప్పుడు చందానగర్ అంటే నేనేనా" అంటే అందరం ఒక్కసారే "కాదు" అన్నాం. 2017 నవంబరులో మెట్రో వచ్చాక ఆపా మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగడం మొదలుపెట్టింది, మోకాళ్ళ నొప్పులకి ఆ లిఫ్టులు, ఎస్కలేటర్లు సుఖం. బోరబండ పిల్లకి పెళ్ళై, డిగ్రీతో అకౌంటెంట్ ఉద్యోగం వచ్చి, పటాన్‌చెరు వైపు వెళ్ళిపోయింది. చివరి రెండేళ్ళు నేనూ ఆంటీ ఇద్దరమే. లింగంపల్లి నుంచి భరత్‌నగర్ దాకా నేను ఒక్కదాన్నే కిటికీ పక్కన కూర్చుని, అయినా అలవాటుగా ఎదురు సీటు మీద హ్యాండ్‌బ్యాగు పెట్టి ఉంచేదాన్ని.

2020 మార్చిలో బండ్లన్నీ ఆగిపోయాయి. మళ్ళీ ఎంఎంటీఎస్ నడిచేసరికి 2021 జూన్. మధ్యలో హాస్టల్ మూతపడింది, ఆంటీ పని పోయింది. నేను ఇంటి నుంచే పని చేయడానికి అలవాటుపడి, ఆ తర్వాత మా ఆఫీసు కూడా చోటు మార్చేసింది. ఆ ఎనిమిదింపావు బండి నేను చివరిసారి ఎప్పుడు ఎక్కానో గుర్తు లేదు. చివరిసారి అని తెలియదు కదా, తెలిస్తే గుర్తు పెట్టుకునేదాన్ని.

ఇప్పుడు వాట్సాప్‌లో ఐదుగురం ఉన్నాం. ఆంటీకి రాయడం రాదు కాబట్టి అందరం వాయిస్ మెసేజీలే పెట్టుకుంటాం. సోమవారం పొద్దున ముందు నేను, తర్వాత అక్క, తర్వాత ఆపా, ఆ తర్వాత బోరబండ పిల్ల. ఎవరూ పెట్టమన్న వరస కాదు, అలా వచ్చేసింది. చివర ఆంటీది వస్తుంది, అందరికంటే పొడుగ్గా, ఏడు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. పోయినవారం మనవరాలు స్కూల్లో రంగోలీ పోటీలో గెలిచిందని, బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చారని, ఆ గిన్నె ఎంత మందంగా ఉందో, దాంట్లో ఎంత పప్పు పడుతుందో కూడా చెప్పింది.

వచ్చే ఆదివారం బోరబండ పిల్ల గృహప్రవేశం, పటాన్‌చెరు దగ్గర రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు, వాళ్ళ నాన్నే దగ్గరుండి గోడలు లేపాడట. అక్కని వాళ్ళబ్బాయి కార్లో తీసుకొస్తాడు, ఆపా మా ఇంటికే వచ్చేస్తానంది. ఆంటీకి ఆటోలో అంత దూరం కష్టం, అందుకని నేను ముందు భరత్‌నగర్ వెళ్ళి ఆవిడని ఎక్కించుకుని రావాలి. ఈసారైనా ఆవిడ ముందు ఎక్కుతుంది.